వెబ్‌లేట్ పదకోశం తెలుగుకు ఎంతవరకు పనికొస్తుంది?

మొదటి ముసాయిదాను ఒకచోట పేర్చి చదివిన రోజున మా వాడుక పుస్తకంలో ఒకే తెరకు మూడు పేర్లు కనిపించాయి. రెండో అధ్యాయంలో ‘సెట్టింగులు’, నాలుగో అధ్యాయంలో ‘సెట్టింగ్‌లు’, ఏడో అధ్యాయంలో ‘సెట్టింగ్స్’ అని ఉండగా, అసలు సాఫ్ట్‌వేర్‌లో మాత్రం ఆ తెర పేరు ‘అమరికలు’. అది చిన్న వ్యాపారులు వాడే బిల్లింగు సాఫ్ట్‌వేర్. దాని ఇంగ్లిష్ వాడుక పుస్తకాన్ని నలుగురం పంచుకొని తెలుగు చేశాము. నలుగురికీ తెలుగు బాగానే వచ్చు, ఎవరి వాక్యాలను విడిగా చూసినా తప్పు దొరకదు. కాని పుస్తకం పక్కన పెట్టుకొని కంప్యూటర్ ముందు కూర్చున్న కిరాణా కొట్టు యజమానికి ‘సెట్టింగులు తెరవండి’ అని చెబితే ఆయన తెర మీద ఆ మాట కోసమే వెతుకుతాడు, అది అక్కడ ఉండదు. ఆ సంగతి బోధపడిన తరువాత, ఏడాదిన్నరగా ఈ పనికి వెబ్‌లేట్‌ను వాడుతున్నాము. ఈ సమీక్ష ఆ సాఫ్ట్‌వేర్ మొత్తం గురించి కాదు. పారిభాషిక పదాల పొందికను నిలబెట్టడంలో, అందునా తెలుగులో, అది ఎంతవరకు ఆదుకుంటుందన్న ఒక్క విషయం గురించే.

తెలియనివారి కోసం క్లుప్తంగా: వెబ్‌లేట్ బ్రౌజర్‌లో నడిచే అనువాద వేదిక. చెక్ దేశానికి చెందిన మిహల్ చిహార్ దీన్ని 2012లో మొదలుపెట్టారు. పైథాన్‌లో, జ్యాంగో అనే వెబ్ చట్రం ఆధారంగా రాసిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఇది. జీపీఎల్ లైసెన్సు కింద దొరుకుతుంది కనుక సొంత సర్వర్ మీద పెట్టుకోవచ్చు, లేదా దాన్ని తయారుచేసినవారి సర్వర్ మీదే వాడుకోవచ్చు. లిబ్రెఆఫీస్, ఫెడోరా, ఓపెన్‌సూసే వంటి పెద్ద ప్రాజెక్టుల అనువాదాలు దీని మీదే సాగుతున్నాయి. మా పుస్తకం స్ఫింక్స్ అనే పుస్తకాల తయారీ సాధనంలో ఉంది. స్ఫింక్స్ పుస్తకాన్ని గెట్‌టెక్స్ట్ ఫైళ్లుగా విడగొట్టి ఇస్తుంది, వాటిలో ఒక్కొక్క పేరా ఒక్కొక్క స్ట్రింగ్, అంటే విడిగా అనువదించవలసిన ముక్క, అవుతుంది. ఆ ఫైళ్లను వెబ్‌లేట్ గిట్ (ఫైళ్లలోని మార్పులను నమోదు చేసి ఉంచే వ్యవస్థ) నుంచి తీసుకొని, మేము చేసిన అనువాదాలను ఎవరి పేరుతో వారివిగా తిరిగి గిట్‌లోకి పంపుతుంది.

ప్రతి ప్రాజెక్టుకూ వెబ్‌లేట్‌లో ఒక పదకోశం ఉంటుంది, కావాలంటే ఒకటికి మించి కూడా పెట్టుకోవచ్చు. అనువదించవలసిన స్ట్రింగ్‌ను తెరవగానే అందులో పదకోశానికి ఎక్కిన మాటలేమైనా ఉంటే, వాటికి మనం ఒప్పుకున్న తెలుగు మాటలు పక్కపట్టీలో కనిపిస్తాయి. పదకోశంలో లేని కొత్త మాట ఎదురైతే ఆ పుట వదలకుండానే దాన్ని చేర్చవచ్చు. చెప్పడానికి ఇది చిన్న సౌకర్యంలాగే ఉంటుంది. అంతకుముందు మేము స్ప్రెడ్‌షీట్‌లో పెట్టుకున్న పదాల పట్టికను మొదటి వారం తరువాత ఎవరూ తెరవలేదు, ఎందుకంటే ఫలానా మాటకు మనం ఏదో అనుకున్నామన్న అనుమానం వచ్చినవాడే పట్టిక తెరుస్తాడు, ఆ అనుమానం రానివాడే పొరపాటు చేస్తాడు. పక్కపట్టీ అనుమానం కోసం ఎదురుచూడదు. పొందిక విషయంలో వెబ్‌లేట్ మాకు చేసిన అన్నిటికంటే పెద్ద మేలు ఇదేనని నా అభిప్రాయం, మిగిలిన తనిఖీలన్నీ దీని తరువాతే.

పదకోశంలోని ప్రతి మాటకూ వివరణ రాసుకునే గడి ఒకటి ఉంటుంది. మొదట దాన్ని మేము ఖాళీగా వదిలేశాము, అది తెలివితక్కువతనమని ‘ఖాతా’ దగ్గర తెలిసింది. బిల్లింగు సాఫ్ట్‌వేర్‌లో ‘అకౌంట్’ అనే ఇంగ్లిష్ మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి సాఫ్ట్‌వేర్‌లోకి ప్రవేశించడానికి వాడుకరికి ఉండేది, రెండోది చిట్టా పుస్తకంలో సరఫరాదారు పేరునో కొనుగోలుదారు పేరునో ఉండేది. తెలుగులో రెండింటికీ ‘ఖాతా’ అనడం సహజమే. కొట్టులో అప్పు రాసుకునేదీ ఖాతాయే, బ్యాంకులో ఉండేదీ ఖాతాయే. అయితే ‘ఖాతాను తొలగిస్తే అందులోని లావాదేవీలు కూడా పోతాయి’ అనే హెచ్చరికను చదివినవాడు ఉద్యోగం మానేసిన గుమస్తా లాగిన్‌ను తొలగించాలో వద్దో ఎలా తేల్చుకుంటాడు? ఒకే మాటను అన్నిచోట్లా వాడినంత మాత్రాన పొందిక కుదిరినట్టు కాదు. ఒక భావానికి ఒకే మాట ఉండాలన్నది ఎంత అవసరమో, ఒక మాట రెండు భావాల మీద పడకూడదన్నదీ అంతే అవసరం. ఇక్కడ తనిఖీలేవీ పని చేయవు, ఎందుకంటే మాట అన్నిచోట్లా ఒక్కటే. మేము ‘యూజర్ అకౌంట్’, ‘లెడ్జర్ అకౌంట్’ అనే జంట మాటలను వేర్వేరుగా పదకోశానికి ఎక్కించి, మొదటిదానికి ‘వాడుకరి ఖాతా’ అనీ రెండోదానికి ‘చిట్టా ఖాతా’ అనీ పెట్టి, ఒట్టి ‘అకౌంట్’ ఎదుట ‘ఏ ఖాతాయో తేల్చుకోకుండా అనువదించవద్దు’ అని వివరణ రాశాము. ఇంగ్లిష్ రచయితలకు కూడా మూలంలో ఒట్టి మాట వాడవద్దని వ్యాఖ్య పెట్టాము. వెబ్‌లేట్‌లో మూల స్ట్రింగ్ మీదే వ్యాఖ్య పెట్టే వీలుంది కనుక ఆ మాట నేరుగా వారికే చేరింది. వారు 11 చోట్ల దిద్దారు.

ఇక తనిఖీ విషయం. అనువాదం పదకోశాన్ని అనుసరించిందా లేదా అని చూసే తనిఖీ వెబ్‌లేట్‌కు 4.5 వెర్షన్ నుంచి ఉంది. అది దానంతట అది నడవదు, కావాలనుకున్న కాంపొనెంట్‌కు (ప్రాజెక్టులోని ఒక విభాగానికి) ఒక జెండా, అంటే తనిఖీని నడపమని చెప్పే గుర్తు, తగిలించి మనమే నడపాలి. అది అచ్చంగా అదే రూపాన్ని వెతుకుతుందనీ, కాబట్టి మాటకు ఉండే రూపాలన్నీ పదకోశంలో ఉండాలనీ, ప్రతి స్ట్రింగ్‌నూ పదకోశంతో పోల్చడం వల్ల పని నెమ్మదిస్తుందనీ వెబ్‌లేట్ సొంత డాక్యుమెంటేషన్‌లోనే దాపరికం లేకుండా రాసి ఉంది. దాన్ని చదవకుండా జెండా తగిలించింది మేము. మరునాటికి ‘ఫైలు’ అన్న ఒక్క మాట మీదే వరుసగా హెచ్చరికలు వచ్చి పడ్డాయి, తెరిచి చూస్తే దాదాపు అన్నీ సరైన అనువాదాలే.

కారణం తెలుగు చదువుకున్నవారెవరికైనా ఊహకు అందుతుంది. ఇంగ్లిష్‌లో నామవాచకానికి ఏకవచనం, బహువచనం అని రెండు రూపాలు పెడితే దాదాపు సరిపోతుంది. తెలుగులో విభక్తి మాటకు అతుక్కుంటుంది. ఫైలును, ఫైలుకు, ఫైలులో, ఫైలుతో, ఫైళ్లు, ఫైళ్లను, ఫైళ్లకు, ఫైళ్లలో అన్నవి మామూలు వాడుక పుస్తకంలో ఒకే అధ్యాయంలో వచ్చే రూపాలు. వీటి మీద ‘ఫైలైనా’, ‘ఫైలుంటే’ వంటి సంధులు, ‘ఫైళ్లు’ను కొందరు ‘ఫైళ్ళు’ అని రాయడం అదనం. బహువచనంలో లకారం ళకారంగా మారిపోతుంది కనుక ప్రాతిపదికను మాత్రమే వెతికినా దొరకదు. ఇంగ్లిష్ కాని మాట తీసుకుంటే సులువు అవుతుందనుకుంటే అదీ లేదు. తెలుగు వికీపీడియా ‘ఫైల్’కు బదులు వాడే ‘దస్త్రం’ దస్త్రాన్ని, దస్త్రానికి, దస్త్రాలు, దస్త్రాలలో అంటూ ప్రత్యయం తగలగానే తన సున్నాను వదిలేసి రూపమే మార్చుకుంటుంది. దీనికి భిన్నంగా ఖాతా, నివేదిక, మూస వంటి మాటలు మొదలు చెడకుండా ప్రత్యయాన్ని మోస్తాయి. ఈ తేడా చూసిన మాలో ఒకరు, ఇకమీదట పారిభాషిక పదాలను విభక్తి తట్టుకునే శక్తిని బట్టి ఎంచుకుందామని సగం నవ్వుతూ సగం నిజంగానే అన్నారు.

క్రియల దగ్గర ఇది మరీ స్పష్టంగా కనబడుతుంది. ‘సేవ్’కు మేము పెట్టుకున్న మాట ‘భద్రపరచు’. వాక్యంలోకి వచ్చేసరికి అది భద్రపరచండి, భద్రపరిచిన, భద్రపరుస్తుంది, భద్రపరచకపోతే అవుతుంది. పదకోశంలోని రూపం ఉన్నది ఉన్నట్టుగా పుస్తకంలో కనిపించే సందర్భాలు అరుదు. అదే పదకోశంలో ‘సేవ్’ అనే ఉంచి, వాక్యంలో ‘సేవ్ చేయు’ అని రాసుకుంటే మారేదంతా ‘చేయు’ మోస్తుంది, ‘సేవ్’ చెక్కుచెదరకుండా నిలుస్తుంది, తనిఖీ ప్రశాంతంగా ఉంటుంది. అంటే ఈ తనిఖీని నమ్ముకున్న తెలుగు బృందం తనకు తెలియకుండానే అరువు మాటల వైపు జరుగుతుంది. అరువు మాటల మీద నాకు కోపమేమీ లేదు, ‘ప్రింటర్’కు తెలుగు వెతికే ఓపిక నాకు లేదు. కాని ఏ మాట పెట్టాలన్నది చదివేవారిని బట్టి తేలవలసిన విషయం, హెచ్చరికల సంఖ్యను బట్టి కాదు. అందుకే క్రియలను తనిఖీ నుంచి తప్పించి, పక్కపట్టీలో కనిపించే సలహాలుగా మాత్రమే ఉంచాము.

అయితే ఈ తనిఖీ బ్రహ్మాండంగా పని చేసే చోటు ఒకటి ఉంది, అది మాకు ఆలస్యంగా తట్టింది. వాడుక పుస్తకంలో పొందిక తప్పితే పాఠకుడికి నిజంగా నష్టం కలిగేది మామూలు మాటల దగ్గర కంటే తెర మీద ఉండే పేర్ల దగ్గర, అంటే బటన్లు, మెనూలు, గడుల పేర్ల దగ్గర. తెర మీద ‘భద్రపరచు’ అని ఉంటే పుస్తకంలోనూ అక్షరం తేడా లేకుండా ‘భద్రపరచు’ అనే ఉండాలి. అచ్చంగా అదే రూపాన్ని వెతికే తనిఖీకి ఇంతకంటే తగిన పని లేదు. కావలసిందల్లా ఆ పేరుకు విభక్తి తగలకుండా వాక్యం రాయడం. ‘“అమరికలు”ను తెరిచి “భద్రపరచు”పై క్లిక్ చేయండి’ అని మేము మొదట రాసేవాళ్లం, అది చూడటానికీ బాగుండదు, చదవడానికీ నోరు తిరగదు. ఇప్పుడు ‘“అమరికలు” తెరను తెరిచి, “భద్రపరచు” బటన్‌ను నొక్కండి’ అని రాస్తున్నాము. తెర, బటన్, గడి, మెనూ, ట్యాబ్ అనే అయిదు మాటలు ప్రత్యయాల బరువు మోస్తాయి, తెర మీది పేరు కొటేషన్ గుర్తుల మధ్య కదలకుండా కూర్చుంటుంది. పేజీకి పదిసార్లు ‘బటన్‌ను’ అని రావడం వల్ల గద్యం కాస్త బిగుసుకుపోయిన మాట నిజమే. వాడుక పుస్తకంలో ఆ బిగువు నాకు అభ్యంతరం కాదు. దారి అడిగినవాడికి సందు పేరు ఒకే తీరుగా చెప్పడం మేలు.

తెర పేర్ల కోసం మరో పదకోశం విడిగా పెట్టి, ఆ జెండాను పుస్తకం కాంపొనెంట్‌కు తిరిగి తగిలించాము. ఈసారి వచ్చిన 40 చిల్లర హెచ్చరికల్లో సగానికి పైగా నిజమైన తప్పులే. కొన్నిటిలో తప్పు కంటికి కనబడదు. ‘పాస్‌వర్డ్’ అన్న మాటను చూడండి. ‘స’ పొల్లు తరువాత ‘వ’ ఒత్తుగా మారకుండా విడిగా నిలబడాలంటే మధ్యలో జడ్‌డబ్ల్యూఎన్‌జే అనే కనబడని అక్షరం ఉండాలి. అది లేకపోతే మాట ‘పాస్వర్డ్’ అవుతుంది, ఆ తేడా కనీసం కంటికి ఆనుతుంది. కాని మాలో ఒకరి కీబోర్డు ఆ కనబడని అక్షరాన్ని రెండుసార్లు వేస్తోంది. తెర మీదా కాగితం మీదా తేడా ఏమీ లేదు, పోల్చి చూసే యంత్రానికి మాత్రం అవి రెండు వేర్వేరు మాటలు. వాడుకరి పుస్తకంలో వెతికితే ఆ పుటలు దొరకవు. మనిషి ఎన్నిసార్లు ప్రూఫు చూసినా పట్టుబడని ఇలాంటి తప్పును పట్టడంలోనే ఈ తనిఖీ తన ఖర్చు తాను రాబట్టుకుంది.

ఒకే మూల స్ట్రింగ్‌కు ప్రాజెక్టులో వేర్వేరు అనువాదాలుంటే చెప్పే తనిఖీ మరొకటి ఉంది. సాఫ్ట్‌వేర్ స్ట్రింగులనూ పుస్తకాన్నీ ఒకే ప్రాజెక్టులో రెండు కాంపొనెంట్లుగా ఉంచితేనే దాని ప్రయోజనం పూర్తిగా దక్కుతుంది, మేము అలాగే ఉంచాము. పట్టికల తలకట్లలో, శీర్షికల్లో, అంటే ఒకటి రెండు మాటల స్ట్రింగులు ఉండే చోట అది చక్కగా పని చేస్తుంది. పేరాల జోలికి రాలేదు, ఎందుకంటే ఏ రెండు పేరాలూ ఒకటి కావు. దానికి తోడుగా, ఒకచోట చేసిన అనువాదాన్ని అదే స్ట్రింగ్ ఉన్న మిగతా చోట్లకు పంపే అమరిక ఉంది. దాని విషయంలో మేము జాగ్రత్త పడలేదు. ‘ఓపెన్’ అనే స్ట్రింగ్ మెనూలో క్రియ, బిల్లుల జాబితాలో మాత్రం ఇంకా చెల్లించని బిల్లు స్థితిని చెప్పే విశేషణం. ఏ సందర్భంలోదో డెవలపర్లు గుర్తు పెట్టలేదు, మేమూ అడగలేదు. బకాయి ఉన్న బిల్లులన్నిటి ఎదుటా ‘తెరువు’ అని ఉన్న జాబితా పరీక్షకు వెళ్లింది. ఇప్పుడు డెవలపర్లు సందర్భాన్ని గుర్తుగా జోడిస్తున్నారు, మెనూలో ‘తెరువు’, జాబితాలో ‘చెల్లించవలసినది’ అని వస్తోంది.

అనువదించకూడని మాటలనూ, వాడకూడని అనువాదాలనూ పదకోశంలో గుర్తు పెట్టుకునే వీలుంది. మొదటిది ఆదేశాలకు, ఫైల్ పొడిగింపులకు బాగానే ఉంది. ఉత్పత్తుల పేర్లకు మాకు ఉపయోగపడలేదు, మేము వాటిని కూడా తెలుగు లిపిలోనే రాస్తాము కనుక. రెండోది మాత్రం విలువైనది. ‘డౌన్‌లోడ్’, ‘ఇంపోర్ట్’ రెండింటికీ ‘దిగుమతి’ అనే అలవాటు తెలుగు సాఫ్ట్‌వేర్ అనువాదాల్లో చాలా కాలంగా ఉంది. మా పుస్తకంలో ఒకే పుటలో రెండు పనులూ ఉన్నాయి. ‘డౌన్‌లోడ్’ ఎదుట ‘దింపుకోలు’ను పెట్టి, ‘దిగుమతి’ని వాడకూడని మాటగా గుర్తు పెట్టాక కొత్తగా చేరినవారు కూడా ఆ పొరపాటు చేయడం లేదు.

పదకోశాన్ని మొదటిసారి నింపేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పదజాల మార్పిడికి ఐఎస్ఓ 30042గా ప్రమాణీకరించిన టీబీఎక్స్ రూపాన్ని వెబ్‌లేట్ చదువుతుంది. మైక్రోసాఫ్ట్ తన తెలుగు పదజాలాన్ని ఆ రూపంలోనే అందుబాటులో పెట్టింది. తరచుగా వచ్చే మాటలను భారతీయ భాషల్లో స్థిరపరచడానికి పుట్టిన ఫ్యూయెల్ ప్రాజెక్టు జాబితాలు ఉన్నాయి. శాస్త్ర విషయాలకు తెలుగు అకాడమి పారిభాషిక పదకోశాలు ఉండనే ఉన్నాయి. ఉత్సాహం కొద్దీ మేము ఒక పెద్ద జాబితాను మొత్తంగా ఎక్కించాము. దానితో రెండు వాక్యాల స్ట్రింగ్‌కు కూడా పక్కపట్టీ కిందివరకు నిండిపోయి, మాకు కావలసిన ‘చిట్టా ఖాతా’ ఎక్కడో అడుగున పడింది. వారం తిరక్కుండా దాన్ని తీసేసి, మేము కూర్చొని ఒప్పుకున్న 160 మాటలతో మొదలుపెట్టాము. పెద్ద జాబితాలు సంప్రదించడానికి మంచివి, పదకోశంలో పోయడానికి కాదు. వాటిలో వాటికే పొత్తు కుదరదన్నది మరో సంగతి.

ఒక్కరే కూర్చొని అనువదించేవారికి వెబ్‌లేట్ సిఫారసు చేయను. సర్వర్ నిర్వహణ, గిట్ అనుసంధానం వారికి అనవసర భారం. ట్యాబ్‌లతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్‌నే పదకోశంగా తీసుకొని డెస్క్‌టాప్ మీద నడిచే ఒమేగాటీ వారికి చాలు. ముగ్గురు దాటిన బృందానికి, అందులోనూ పుస్తకం సాఫ్ట్‌వేర్‌తో పాటు మారుతూ ఉంటే, వెబ్‌లేట్‌ను నిస్సంకోచంగా ఎంచుకోవచ్చు. తనిఖీ జెండాను మాత్రం మొదటి రోజే తగిలించవద్దు. తెర పేర్లను విడిగా పెట్టుకొని, వాటికి ప్రత్యయం తగలని వాక్యాలు రాయడం బృందానికి అలవాటయ్యాక తగిలించండి.

మా పదకోశంలో ఈ రోజుకు 212 మాటలున్నాయి. 211 తేలాయి. మిగిలింది పొరపాటున వేసిన పద్దును వెనక్కి తిప్పే ‘రివర్సల్’. ‘ఎదురు పద్దు’ అనాలని గుంటూరు నుంచి పని చేసే సహోద్యోగి, ‘రద్దు పద్దు’ అనాలని కరీంనగర్‌లో ఉన్న సహోద్యోగి, ‘రివర్సల్’ అనే ఉంచాలని నేను ఆ మాట వివరణ గడిలో రాసుకున్నాము. మూడు నెలల క్రితం ఆ సాఫ్ట్‌వేర్ వాడే ఇద్దరు గుమస్తాలను అడిగి చూస్తే, ఒకాయన ‘తిరగరాత’ అన్నారు, ఇంకొకాయన తానెప్పుడూ అది వాడలేదనీ, తప్పు పడితే కొత్త బిల్లు వేస్తాననీ చెప్పారు. ఆ రెండు జవాబులూ గడిలో చేరాయి.